బడి రిజిస్టరు ఎవరి చేతికి పోతుంది

అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఒక తీర్పు ఇస్తూ అందులో 'కులం' అనే మాట వాడింది. మన గురించి కాదు. కాగితాలు లేకుండా ఆ దేశంలో బతుకుతున్న కూలీల గురించి, వాళ్ల పిల్లల గురించి. చవగ్గా పని చేయించుకోవడానికి వీళ్లని ఉండనిచ్చి, సమాజం మిగతావాళ్లకు ఇచ్చేవేవీ వీళ్లకు అందకుండా చేస్తే ఒక శాశ్వతమైన కులం తయారవుతుందని జస్టిస్ విలియం బ్రెన్నన్ ఆందోళన పడ్డాడు. పని కావాలి, మనిషి వద్దు. ఈ లెక్క మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

జై భీమ్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. పోయిన వారం హాస్టల్ మెస్ చార్జీల గురించి రాశాను. ఈ వారం కూడా బడి గురించే, కాకపోతే ఆ బడి అమెరికాలో ఉంది. "అక్కా, ట్రంప్ గొడవ మనకెందుకు, మన గొడవలు మనకు చాలవా" అనేవాళ్లు ఉంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టి చదవండి. బడి గేటు దాకా పోలీసు రావచ్చా, వస్తే లోపల ఉన్న హెడ్మాస్టరు ఏం చేయాలి, పిల్లవాడి పేరు రాసుకున్న రిజిస్టరు ఎవరి చేతికి పోవచ్చు అన్నవి ఆ దేశానికే పరిమితమైన ప్రశ్నలు కావు.

ముందు ఆ తీర్పు కథ చెబుతాను. టెక్సాస్‌లో టైలర్ అని గులాబీ తోటలకు పేరున్న ఊరు. 1975లో టెక్సాస్ ఒక చట్టం చేసింది: చట్టబద్ధంగా దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్రం డబ్బు ఇవ్వదు, కావాలంటే బడులు వాళ్లని చేర్చుకోకుండా ఉండొచ్చు. టైలర్ బడులవాళ్లు 1977లో అలాంటి పిల్లలు ఏడాదికి 1,000 డాలర్లు ఫీజు కడితేనే రమ్మన్నారు. ఆ కాలంలో మెక్సికో నుంచి వచ్చిన కూలీ ఎక్కడి నుంచి తెస్తాడు వెయ్యి డాలర్లు? నాలుగు కుటుంబాలు కోర్టుకు పోయాయి. 16 మంది పిల్లలు. పేర్లు బయటికి వస్తే దేశం నుంచి పంపేస్తారని కేసులో వాళ్ల అసలు పేర్లు రాయలేదు, 'డో' అని రాశారు. మన దగ్గర 'ఫలానా' అంటాం చూడండి, అట్లాంటి పేరు. ఇంకోవైపు బడుల అధికారి జేమ్స్ ప్లైలర్. అందుకే ఆ కేసు ప్లైలర్ వర్సెస్ డో.

జడ్జి విలియం వేన్ జస్టిస్ ఆ విచారణను పొద్దున్నే ఆరు గంటలకు పెట్టాడు. జనం కళ్ల పడకుండా ఆ కుటుంబాలు వచ్చి పోవాలని. అయినా వాళ్లు కార్లలో సామాన్లు సర్దుకుని కోర్టుకు వచ్చారు. సాక్ష్యం చెప్పాక అటునుంచి అటే మెక్సికో పంపేస్తే పిల్లల బట్టలైనా వెంట ఉండాలి కదా. పిల్లల బడి కోసం ఇల్లు మూటగట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఆ తల్లిదండ్రుల గురించి చదివినప్పుడల్లా నాకు మన పల్లెల నుంచి మొదటి తరం పిల్లల్ని బడికి పంపినవాళ్లు గుర్తొస్తారు. పంపితే ఆసామి పనిలోంచి తీసేస్తాడని తెలిసీ పంపినవాళ్లు.

1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ఒక్క ఓటు. ఆ ఐదుగురిలో తర్గుడ్ మార్షల్ ఉన్నాడు. 1954లో నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరు బడులు చెల్లవని తేల్చిన బ్రౌన్ కేసులో పిల్లల తరఫున వాదించిన లాయరే, తర్వాత జడ్జి అయ్యాడు. తీర్పుకు ఆధారం 14వ రాజ్యాంగ సవరణ. బానిసత్వం పోయాక, 1868లో వచ్చిన సవరణ అది. 'పౌరుడు' అన్న మాట దగ్గర ఆగకుండా, తన పరిధిలో ఉన్న 'ఏ వ్యక్తికీ' సమాన రక్షణ నిరాకరించకూడదని రాష్ట్రాలకు చెప్పింది. బానిసల విముక్తి కోసం రాసిన ఒక్క మాట నూటపద్నాలుగేళ్ల తర్వాత మెక్సికన్ కూలీ బిడ్డకు బడి తలుపు తీసింది.

అయితే ఆ తీర్పు ఇచ్చింది ప్రవేశం. పిల్లవాడు క్షేమంగా రావడం, పోవడం గురించి అది పెద్దగా మాట్లాడలేదు. ప్రవేశం వేరు, క్షేమం వేరని మనకంటే బాగా ఎవరికి తెలుసు? అంబేద్కర్‌కు బడిలో ప్రవేశం ఉంది. కూర్చోవడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా కూడా ఉంది. ప్యూను రాని రోజు మాత్రం మంచినీళ్లు లేవు. ఆ సంగతులు ఆయన రాసుకున్న పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. సొంత ఊళ్లో, సొంత బడిలో వీసా కోసం ఎదురుచూసిన మనిషి ఆయన.

అమెరికాలో ఆ క్షేమాన్ని ఇన్నాళ్లు కాపాడింది చట్టం కూడా కాదు, ఒక ఆఫీసు ఉత్తర్వు. ఇమ్మిగ్రేషన్ పోలీసు విభాగాన్ని అక్కడ అందరూ 'ఐస్' అంటారు. 2011లో ఆ విభాగం తన సిబ్బందికి ఒక మెమో ఇచ్చింది: బడులు, ఆస్పత్రులు, చర్చిల దగ్గర అరెస్టులు పెట్టుకోవద్దు, తప్పనిసరైతే పైఅధికారి అనుమతి తీసుకోండి. 2021లో దాన్ని ఇంకాస్త పెంచారు. ఆటస్థలాలు, పిల్లలు స్కూలు బస్సు ఎక్కే చోట్లు కూడా చేర్చారు. ట్రంప్ రెండోసారి గద్దెనెక్కిన రోజే, 2025 జనవరి 20న, ఆ మెమోను రద్దు చేశారు. నేరస్తులు ఇక బడుల్లో, చర్చిల్లో దాక్కోలేరని ప్రకటించారు. మెమోతో వచ్చిన రక్షణ మెమోతోనే పోయింది. జీవోతో వచ్చిన మన హక్కులు ఇంకో జీవోతో ఎట్లా పోతాయో ఇక్కడ చూస్తూనే ఉన్నాం. డెన్వర్ నగర బడులు ఆ రద్దు మీద కోర్టుకు వెళ్లాయి, 2025 మార్చిలో జడ్జి స్టే ఇవ్వనన్నాడు.

ఇక్కడ నా బడి సంగతి ఒకటి చెప్పాలి. ఆరో తరగతిలో ఉండగా ఒక రోజు స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చాయి. అయ్యవారు రిజిస్టరు పట్టుకుని వచ్చి, "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నారు. ఆయనకు చెడు ఉద్దేశం లేదు, పని తొందరగా అయిపోవాలి, అంతే. పదకొండు మందిమి నిలబడ్డాం. అప్పటిదాకా నా పక్కన కూర్చుని నా పెన్సిలే వాడుకుంటున్న పిల్ల ఆ సాయంత్రానికి బెంచీలో అటు చివరికి జరిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నిలబడటమే సరిపోయింది. పదకొండు మందిలో ఇద్దరు ఆ ఏడాది మానేశారు. వాళ్లు పత్తి చేలకు పోవడానికి వంద కారణాలు ఉన్నాయి, ఆ పొద్దు నిలబడటం కూడా అందులో ఒకటని నేను నమ్ముతాను.

రాసుకోవడమే తప్పనడం లేదు నేను. ఆ రిజిస్టరులో నా కులం రాసుంది కాబట్టే నాకు హాస్టలు సీటు వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. మనం లెక్కలోకి రావాలనే కదా ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నది. ఎవరు అడుగుతున్నారు, ఎంతమంది ముందు అడుగుతున్నారు, రాసుకున్నది రేపు ఎవరి బల్ల మీదికి పోతుంది అన్నది చూడాలి. మనకు క్యాస్ట్ సర్టిఫికెట్ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునే కాగితం. అక్కడి పిల్లవాడికి తన గురించి బడిలో ఒక్క వాక్యం రాసి ఉండటమే ప్రమాదం. ఒకే రిజిస్టరు ఒకరికి అన్నం పెడుతుంది, ఇంకొకరి నాన్నను పట్టిస్తుంది.

పట్టించడానికి ప్రయత్నాలు ఊరికే జరగలేదు. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 187ను గెలిపించారు. దాని ప్రకారం బడివాళ్లు పిల్లల, తల్లిదండ్రుల కాగితాలు తనిఖీ చేసి ప్రభుత్వానికి చెప్పాలి. కోర్టులు ఆపాయి. 2011లో అలబామా ఇంకో చట్టం చేసింది. కొత్తగా చేరే పిల్లవాడి వలస సంగతి బడి కనుక్కుని లెక్కలు పంపాలంది. పేర్లు పంపరు, సంఖ్యలే పంపుతాం అన్నారు. అయినా చట్టం అమలుకు వచ్చిన రోజుల్లోనే ఒక సోమవారం ఆ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హిస్పానిక్ పిల్లలు బడికి రాలేదు. ఒక్క పోలీసు కూడా బడి గేటు దాటలేదు. అడుగుతారు అన్న మాటే వాళ్లని ఇళ్లలో కూర్చోబెట్టింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేస్తూ చెప్పింది కూడా ఇదే, ఆ ప్రశ్న అడగడమే పిల్లల చదువు హక్కుకు అడ్డమని. 2025లో ఓక్లహామాలో మళ్లీ అదే ప్రయత్నం చేశారు. విద్యా మండలి నిబంధన పాస్ చేసింది, వాళ్ల పార్టీ గవర్నరే వద్దన్నాడు, చట్టసభ తిప్పికొట్టింది. టెన్నెస్సీలో సెనేట్ ఏకంగా ప్లైలర్ తీర్పునే సవాలు చేసే బిల్లు పాస్ చేసింది, ఆ ఏడాది కింది సభలో ఆగింది. ఈసారి ఆగింది అనుకోవాలి. ఒక్క ఓటుతో గెలిచిన తీర్పు మీద కన్నేసినవాళ్లు తొందరగా వదలరు.

అదే 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఇమ్మిగ్రేషన్ దాడుల తర్వాత బడి హాజరు ఏమైందో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన థామస్ డీ లెక్కగట్టాడు. ఐదు స్కూలు డిస్ట్రిక్టుల్లో రోజువారీ గైర్హాజరు 22 శాతం పెరిగింది. దాడులు జరిగింది బడుల్లో కాదు, బడి మానేసింది మాత్రం పిల్లలు. సెంట్రల్ వ్యాలీ అంటే ద్రాక్ష, నారింజ, బాదం తోటల సీమ. అమెరికా బల్లల మీదికి పండ్లు పోయేది ఆ కూలీల చేతుల మీదుగానే. బ్రెన్నన్ వాడిన 'కులం' అనే మాట ఎక్కడికీ పోలేదు.

మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. ఊరు చెప్పను. మొగుడు ఎంఎస్ చదివాడు, హెచ్1 లాటరీలో మూడుసార్లు పేరు రాలేదు, చివరికి కాగితం మురిగిపోయింది. ఇక్కడ ఇంటి స్థలం తాకట్టు పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు కాబట్టి తిరిగి రాలేదు. గ్యాస్ స్టేషన్‌లో పని, చేతికి డబ్బులు. ఓనరు మన జిల్లావాడే, భూములున్న కుటుంబం. అక్కడ కనీస వేతనం ఎంతో ఇద్దరికీ తెలుసు, ఇచ్చేది అంతకంటే తక్కువ అని కూడా ఇద్దరికీ తెలుసు. ఊళ్లో వాళ్ల చేలో మావాళ్లు ఎట్లా పనిచేశారో, ఏడు సముద్రాల అవతల షాపు కౌంటరు వెనక అట్లాగే. కొడుకు ఒకటో తరగతి. రెండేళ్లప్పుడు వెళ్లాడు, వాడికి మా ఊరు ఫోన్‌లో కనిపించే ఒక వేపచెట్టు.

మెమో రద్దయిన వారం అది ఫోన్ చేసింది. "అక్కా, పిల్లోణ్ణి బడికి పంపాలా, మానిపించాలా? నువ్వు కోర్టులూ అవీ తిరుగుతుంటావు కదా, చెప్పు." నేను అమెరికా లాయరును కాదు. కానీ చదివి చెప్పగలిగినంత చదివి చెప్పాను. మీలో అక్కడ చదివేవాళ్లు, అక్కడ బంధువులున్నవాళ్లు ఉన్నారు కాబట్టి అదే ఇక్కడా రాస్తున్నాను.

మెమో పోయినా ప్లైలర్ తీర్పు పోలేదు. ప్రభుత్వ బడి పిల్లవాణ్ణి చేర్చుకుని తీరాలి. ఇంటి చిరునామా, టీకాలు, వయసు అడగొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వలేదని చేర్చుకోకుండా ఉండకూడదు. పిల్లల రికార్డులను కాపాడే కేంద్ర చట్టం 1974 నుంచి ఉంది, దాన్ని ఫెర్పా అంటారు. తల్లిదండ్రుల ఒప్పుదలో, కోర్టు కాగితమో లేకుండా బడి ఆ రికార్డులను బయటివాళ్లకు ఇవ్వకూడదు. కాకపోతే అందులో ఒక సందు ఉంది. పేరు, చిరునామా, ఫోను నంబరు లాంటివాటిని 'డైరెక్టరీ సమాచారం' అని బడి ప్రకటిస్తే, వద్దని మనం రాసి ఇవ్వకపోతే, బయటికి ఇవ్వొచ్చు. ఏడాది మొదట్లో ఇంటికి పంపే కాగితాల కట్టలో ఆ వద్దనే ఫారం ఉంటుంది. ఎవరూ చదవరు. చదవండి, సంతకం పెట్టి పంపండి.

ఇంకోటి, వారెంటు. ఐస్ వాళ్లు చాలాసార్లు తెచ్చే వారెంటు మీద సంతకం జడ్జిది కాదు, ఐస్ అధికారిదే. మన దగ్గర ఎస్ఐ తనే వారెంటు రాసుకుని తనే సంతకం చేసుకుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. దాంతో మనిషిని బయట పట్టుకోవచ్చు గానీ, జనానికి తెరిచి ఉండని చోటికి, అంటే తరగతి గదిలోకి, ఒప్పుకోకుండా దూరే అధికారం రాదు. దానికి జడ్జి సంతకం పెట్టిన వారెంటు కావాలి. కాబట్టి మొత్తం బరువు ఎవరి మీద పడుతుందో చూడండి. బడి ముందు ఆఫీసులో కూర్చునే క్లర్కమ్మ మీద. ఆ కాగితం తిప్పి చూసి, "ఇది జడ్జి సంతకం కాదు, కూర్చోండి, ప్రిన్సిపాల్‌ని పిలుస్తాను" అనగలగాలి. యూనిఫాం చూసి భయపడి లోపలికి పంపితే, ఒప్పుకున్నారు కాబట్టి వచ్చాం అంటారు.

2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో సరిగ్గా ఇదే పరీక్ష జరిగింది. కేంద్ర హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు రెండు ప్రాథమిక పాఠశాలలకు వచ్చి ఫలానా పిల్లలతో మాట్లాడాలన్నారు. పిల్లల క్షేమం కనుక్కోవడానికి వచ్చాం, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు అన్నారు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదని తర్వాత తేలిందని బడుల అధికారులు చెప్పారు. రెండు చోట్లా ప్రిన్సిపాళ్లు లోపలికి రానివ్వలేదు. ఏజెంట్లు వెనక్కి పోయారు. తుపాకీ లేదు, నినాదం లేదు, గేటు దగ్గర రూలు తెలిసిన మనిషి ఉన్నారు.

అందరు ప్రిన్సిపాళ్లూ అట్లా ఉండరు కాబట్టి చట్టం కావాలి. ఆ సెప్టెంబరులో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ ఏబీ 49 మీద సంతకం పెట్టాడు. జడ్జి వారెంటు లేకుండా బడి లోపలి భాగాల్లోకి ఇమ్మిగ్రేషన్ అధికారులను రానివ్వకూడదు. దానితోపాటు ఇంకో చట్టం, వాళ్లు ఆవరణలోకి వస్తే తల్లిదండ్రులకు, సిబ్బందికి తెలియజేయాలని. ఇల్లినాయ్ కూడా ఆగస్టులో అలాంటి చట్టం చేసింది. మంచి చట్టాలు, స్వాగతం. కానీ ఇదే న్యూసమ్ 2023 అక్టోబరులో కులవివక్షను నిషేధించే ఎస్‌బీ 403 బిల్లు మీద వీటో పెట్టాడు. దాని కోసం మన మనుషులు నిరాహార దీక్ష చేశారు. ఉన్న చట్టాలే చాలన్నాడు. గేటు బయటి పోలీసు కనిపించాడు గానీ, గేటు లోపల మన పిల్లవాణ్ణి "మీరేంట్లు" అని అడిగేవాళ్లు కనిపించలేదు. మంచి చేసినప్పుడు మంచి అందాం, లెక్క మాత్రం రాసుకుందాం.

ఆ చట్టాలకు ఇంకో హద్దు కూడా ఉంది. గేటు దగ్గర ఆగిపోతాయి. ఆ రోడ్డు, పిల్లల్ని దించడానికి నిలబడే కార్ల వరస, బస్సు ఎక్కే మూల రాష్ట్రం చేతిలో లేవు. 2025 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోనే ఒక హైస్కూలు బయట వైకల్యం ఉన్న 15 ఏళ్ల విద్యార్థికి బేడీలు వేశారు. వెతుకుతున్న మనిషి ఇతను కాదని తెలిశాక విప్పారు. విప్పారు కాబట్టి అయిపోయిందనుకుంటారు కొందరు.

కేంద్ర ప్రభుత్వ మనుషులు బడి గేటు దగ్గరికి రావడమే తప్పు అని కూడా నేను అనను. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లపిల్ల తెల్లవాళ్ల బడిలో చేరింది. బయట గుంపులు కేకలు వేస్తుంటే ఆ పిల్లకు అటూ ఇటూ నడిచి లోపలికి తీసుకెళ్లింది కేంద్ర ప్రభుత్వ మార్షల్సే. మూడేళ్ల ముందు లిటిల్ రాక్‌లో గవర్నరు తొమ్మిదిమంది నల్లపిల్లల్ని ఆపడానికి సైన్యాన్ని పెడితే, ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ వాళ్లని లోపలికి పంపడానికి ఇంకో సైన్యాన్ని పంపాడు. అవే యూనిఫాంలు. అప్పుడు పిల్లను బడిలోకి తీసుకెళ్లడానికి వచ్చాయి, ఇప్పుడు బడిలోంచి పిల్లల నాన్నల కోసం వస్తున్నాయి. మన దగ్గర చత్తీస్‌గఢ్‌లో బలగాలు ఆదివాసీ పిల్లల బడుల్లో మకాం వేస్తే 2011లో సుప్రీంకోర్టు ఖాళీ చేయమని చెప్పాల్సి వచ్చింది.

ఇక మన తెలుగు అంకుల్స్. "మేం లైన్లో నిలబడి చట్టప్రకారం వచ్చాం, వీళ్లు దొంగదారిన వచ్చారు" అని వాట్సాప్‌లో రాసేవాళ్లు. ఆ లైన్లో నిలబడాలంటే ముందు బ్యాంకులో చూపించడానికి లక్షలు కావాలి, పొలం విలువ రాసిచ్చే సీఏ కావాలి. పొలమే లేనివాళ్లకు లైను మొదలయ్యే చోటే దొరకదు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధితో మన పిల్లలు కొందరు వెళ్లగలిగారు, మిగతావాళ్లు వడ్డీలతో వెళ్లారు. చట్టప్రకారం వెళ్లిన ఇళ్లలోనూ గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లు గడిచిపోయి, పిల్లలకు 21 నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోతోంది. నిన్నటిదాకా 'లీగల్' అయిన పిల్లలు ఒక పుట్టినరోజుతో మారిపోతున్నారు.

ఫార్మింగ్టన్ గుర్తుందా? మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని ఒకటి ఉండేది. వెబ్‌సైట్ ఉంది, ఫీజులు ఉన్నాయి, ప్రభుత్వ జాబితాలో పేరుంది. పాఠాలు మాత్రం లేవు, అయ్యవార్లు లేరు. దాన్ని పెట్టిందే ఇమ్మిగ్రేషన్ పోలీసులు. దాదాపు 600 మంది చేరారు. 2019 జనవరిలో మొదటి విడతగా 130 మందిని పట్టుకుంటే 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. ఆ పిల్లలు తెలిసే చేరారని ప్రభుత్వం అంది. తెలిసో తెలియకో, ఫీజు తీసుకున్నది ప్రభుత్వమే కదా. ఆ ఫీజుల మీద వేసిన కేసును 2024లో అప్పీలు కోర్టు మళ్లీ బతికించింది. బడిలోకి పోలీసు రావచ్చా అని ఇంతసేపు మాట్లాడుకున్నాం. ఒక చోట పోలీసే బడి కట్టాడు, అందులో పడింది మనవాళ్లు. అప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటా అయ్యో అన్నారు. హోండురాస్ పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ అయ్యో ఎందుకు రాదు?

మన దేశంలోకి వద్దాం. 2024 డిసెంబరులో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ తన బడుల్లో 'అక్రమ బంగ్లాదేశీ' పిల్లల్ని గుర్తించమని ఆదేశించింది. అలబామా పదమూడేళ్ల కింద చేసిందే. బెంగాలీ మాట్లాడే ముస్లిం చెత్త ఏరేవాడి బిడ్డ ఏ దేశమో ఏ టీచరు ముఖం చూసి చెబుతుంది? రోహింగ్యా పిల్లల గురించి 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు వాళ్లు బడులకు వెళ్లి అడగనీయండి, కాదంటే హైకోర్టుకు రండి అంది. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉన్న పిల్లలకు కూడా ఇది సంబంధించిన సంగతే.

రాజ్యాంగం తీసి చూడండి. 15, 16 అధికరణాల్లో 'పౌరుడు' అని ఉంటుంది. 14, 21 లో 'వ్యక్తి' అని ఉంటుంది. 21ఏ లో ఆరు నుంచి పద్నాలుగేళ్ల 'పిల్లలందరికీ' అని ఉంటుంది, పౌరుల పిల్లలకు అని లేదు. 2009 విద్యాహక్కు చట్టం వయసు రుజువు లేదని, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండొద్దంటుంది. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే దళిత, ఆదివాసీ పిల్లల్ని ఏ ఊరి బడి టీసీ లేదని తిప్పి పంపినా మీ చేతిలో ఉండాల్సిన సెక్షన్లు 14, 5. ఈ నెలలో మీ దగ్గర్లోని బట్టీకి వెళ్లి ఎంతమంది పిల్లలు బడి బయట ఉన్నారో చూసి రాయండి. వచ్చే వారం ఆ లెక్కలతోనే రాస్తాను.

పిల్లవాడి సంగతి అడుగుతారని తెలుసు. పంపుతోంది. బడివాళ్లు ప్రతి ఏడాదీ అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో, పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలో రెండు పేర్లు రాయమంటారు. ఇన్నాళ్లూ మొగుడి పేరు, తన పేరు రాసేది. మీరిద్దరూ లేకపోతే ఎవరని ఈసారి నేనే అడిగాను. గ్యాస్ స్టేషన్ ఓనరు పేరు రాయమని మొగుడు అన్నాడట, తెలుగువాడు, పౌరసత్వం ఉంది, ఇల్లు ఉంది. రెండు రోజులు ఆలోచించింది. ఆ ఇంట్లో వీణ్ణి వంటింటి దాకా రానిస్తారో లేదో తనకు తెలుసు. కింది వాటాలో ఉండే సాల్వడార్ ఆవిడ పేరు రాసి వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, మా చెల్లికి స్పానిష్ రాదు. ఆవిడ ఫారంలో రెండో గడిలో ఇప్పుడు మా చెల్లి పేరుంది.